మంట ముందు, బండి వెనక

మాఘం దాటేసరికి నూజివీడు మెట్టలో మామిడి పూత పిందె కడుతుంది. అదే రోజుల్లో చెట్ల కింద గడ్డి పసుపెక్కుతుంది. వానాకాలంలో మోకాలెత్తు పెరిగిన దర్భ, చలికాలంలో రాలిన ఆకు, కొమ్మలు కొట్టినప్పుడు గట్టు మీదికి విసిరిన పుల్ల, అన్నీ మార్చి నాటికి చిటపటలాడేంత ఎండిపోతాయి. పైన చిన్న రసాలు, బంగినపల్లి, కలెక్టరు కాయ ఊరుతుంటాయి. కింద అగ్గిపుల్ల పడితే చాలన్నట్టు ఉంటుంది నేల. ఏడాది పొడుగునా పెట్టిన పెట్టుబడి చేతికొచ్చేదీ, నిప్పుకు భయపడేదీ ఈ ప్రాంతంలో ఒకే రెండు నెలలు: ఏప్రిల్, మే.

నిప్పు పుట్టడానికి పెద్ద కారణం అక్కర్లేదు. పక్క చేలో మొక్కజొన్న కోశాక మోళ్ళకు మంట పెడతారు. మధ్యాహ్నం గాలి తిరిగితే ఆ మంట గట్టెక్కి తోటలో దిగుతుంది. వదులుగా వేలాడే కరెంటు తీగలు ఒకదానికొకటి తగిలితే రవ్వలు రాలతాయి. డొంకన పోయేవాళ్ళు ఆర్పకుండా పారేసిన చుట్ట, కాపలా పాక ముందు మూడు రాళ్ళ పొయ్యిలో మిగిలిన నిప్పు, ఇలాంటివే ఎక్కువ. చాలాసార్లు మంట చెట్టెక్కదు, నేలబారునే పాకిపోతుంది. చూసినవాళ్ళకు గడ్డి కాలిపోయిందనే అనిపిస్తుంది. కానీ ఆ సెగకు మామిడి బెరడు కింద పచ్చిపొర ఉడికిపోతుంది. పది రోజులు తిరక్కుండానే ఆకు వాడి, కాయ రాలడం మొదలవుతుంది. మొదళ్ళ చుట్టూ పరిచిన డ్రిప్పు పైపులు అప్పటికే కరిగి ముద్దలై ఉంటాయి.

తోటలు ఒక ఎత్తు, ఊళ్ళు ఇంకో ఎత్తు. గొడ్లపాక, దాని పక్కన గడ్డివాము, దానికి ఆనుకుని తాటాకు ఇల్లు, ఇలా ఒకదాని వెనక ఒకటి ఉండే పేటలు ఇప్పటికీ ఉన్నాయి. గాలి ఉన్నరోజు ఒక వాముకు అంటుకుంటే వరస మొత్తానికీ భయమే. ఎవరో ఒకరు ఫోను అందుకుని 101కి కొడతారు. అవతల ఎత్తుతారు, ఊరు పేరు చెప్పించుకుంటారు, బండి బయల్దేరుతుంది. ఆ తర్వాత ఎదురుచూపు. మంట ముందు, బండి వెనక. మామిడి మండలాల్లో తరాలుగా ఇదే వరస.

ఇరవై నిమిషాల గీత

ఫైరింజను ఎంతసేపట్లో రావాలన్నదానికి దేశంలో ఒక కొలత ఉంది. 1955లో కేంద్ర హోంశాఖ కింద ఏర్పడిన స్థాయీ అగ్నిమాపక సలహా సంఘం ప్రమాణాల ప్రకారం పట్టణాల్లో 10 చదరపు కిలోమీటర్లకు ఒక ఫైర్ స్టేషన్, పల్లెల్లో 50 చదరపు కిలోమీటర్లకు ఒకటి ఉండాలి. కబురు అందాక పట్టణంలో ఐదు నుంచి ఏడు నిమిషాల్లో, పల్లెలో ఇరవై నిమిషాల్లో బండి చేరాలి.

50 చదరపు కిలోమీటర్లంటే స్టేషన్ చుట్టూ నాలుగు కిలోమీటర్లు. ఆ లెక్కన స్టేషన్లు కావాలని మెట్టలో ఎవరూ అడగలేదు, ఎవరూ ఇస్తామనలేదు. ఆ మాట పక్కనపెట్టి ఇరవై నిమిషాల సంగతే చూద్దాం. మామూలుగా వాడే ఫైరింజనులో 4,500 లీటర్ల నీళ్ళుంటాయి. నీళ్ళ బరువే నాలుగున్నర టన్నులు. అంత బరువుతో మలుపుల దారిలో, ఊళ్ళ నడుమ, మామిడి లోడు ట్రాక్టర్లను తప్పించుకుంటూ గంటకు 40 కిలోమీటర్లు పోతే గొప్పే. ఆ వేగంతో ఇరవై నిమిషాల్లో వెళ్ళగలిగేది పదమూడు కిలోమీటర్లు.

ఇప్పుడు నూజివీడు ఫైర్ స్టేషన్ చుట్టూ పదమూడు కిలోమీటర్ల గీత గీయండి. ఆగిరిపల్లి, ముసునూరు మండల కేంద్రాలు దాదాపు ఆ గీత మీదే ఉంటాయి. వాటి అవతలి ఊళ్ళు గీత దాటిపోతాయి. చాట్రాయి మండల కేంద్రానికి రోడ్డున పాతిక కిలోమీటర్ల పైమాటే, అక్కడినుంచి తెలంగాణ సరిహద్దు దాకా ఉన్న ఊళ్ళకు ఇంకా దూరం. ఊరిదాకా తారురోడ్డు, ఊరినుంచి తోటలోకి డొంక. డొంకలో ఇంజను ఇరుకుతుంది, మలుపు తిరగదు, కొమ్మలు అడ్డం వస్తాయి. తాటాకు పాక పది నిమిషాల్లో కూలిపోతుంది. ఎండాకాలం గాలికి ఎకరం గడ్డి కాలడానికీ అంతే సమయం చాలు. బండి చేరేసరికి చాలా చోట్ల మిగిలేది పొగ ఆర్పే పనే.

బండి ఆలస్యమైందని ఫైర్ సిబ్బందిని అన్నవాళ్ళు ఉన్నారు. అది న్యాయం కాదు. కబురు అందిన నిమిషంలో బయల్దేరేవాళ్ళు వాళ్ళు. బావిలో పడ్డ మనిషినైనా, పశువునైనా పైకి తీసేది వాళ్ళే, వరద వస్తే పడవెక్కేదీ వాళ్ళే. తప్పు దూరంలో ఉంది. ఆ దూరాన్ని ఎన్నో ఏళ్ళుగా అలాగే వదిలేసిన లెక్కల్లో ఉంది.

కలిపితే ఏం మిగులుతుంది?

ప్రపంచంలో చాలా చోట్ల ఫైర్ సర్వీసు గురించి జరిగే వాదన వేరు. ఊరికొక శాఖ, పక్క ఊరికి ఇంకొకటి, ప్రతిదానికీ ఒక అధికారి, ఒక ఆఫీసు, ఒక కంట్రోల్ రూము. ఒకే పనికి ఇన్ని చోట్ల జీతాలెందుకు, కలిపేస్తే పన్ను కట్టేవాడికి మిగులుతుంది కదా అన్నది ఆ వాదన. స్కాట్లాండ్‌లో 2013 ఏప్రిల్ 1న ఎనిమిది ప్రాంతీయ శాఖలను కలిపి ఒక్కటి చేశారు. ఎనిమిది చోట్ల జరిగే ఆఫీసు పనిని ఒక చోటికి తెచ్చి, స్థానిక సేవలను మాత్రం కాపాడతామని అప్పుడు చెప్పారు. పదేళ్ళు తిరిగాక, 2023లో, డబ్బు సరిపోక పది ఇంజన్లను తాత్కాలికంగా సేవలోంచి తప్పించాల్సి వచ్చింది. ఇంగ్లండ్ అనుభవం ఇంకా చేదు. 46 కంట్రోల్ రూములను 9కి కుదించాలని 2004లో మొదలుపెట్టిన పథకం కుదరక, 2010 డిసెంబరులో రద్దయింది. కనీసం 46 కోట్ల 90 లక్షల పౌండ్ల ప్రజాధనం వృథా అయింది. కొత్తగా కట్టిన భవనాలు ఖాళీగా నిలబడ్డాయి.

మన దేశంలోనూ ఈ చర్చకు చోటుంది. 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన పన్నెండో షెడ్యూలులో పురపాలక సంఘాలకు అప్పగించదగిన 18 పనుల్లో అగ్నిమాపక సేవలు ఏడోది. ముంబయిలో ఫైర్ బ్రిగేడ్ నడిపేది నగరపాలక సంస్థే. మహారాష్ట్ర, గుజరాత్ పట్టణాల్లో చాలావరకు అదే పద్ధతి. అక్కడ శాఖలు కలపాలా వద్దా అన్న ప్రశ్నకు అర్థముంది.

మన రాష్ట్రంలో ఆ పని ఎప్పుడో అయిపోయింది. ఇచ్ఛాపురం నుంచి హిందూపురం దాకా శాఖ ఒక్కటే. ఇప్పుడు దాని పేరు రాష్ట్ర విపత్తు స్పందన, అగ్నిమాపక సేవల శాఖ. చట్టం ఒకటి, 1999 నాటి అగ్నిమాపక సేవల చట్టం. ఒకే శాఖ అయితే ఉండే బలం ఏమిటో 2024 సెప్టెంబరులో మనమే చూశాం. బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు రాష్ట్రం నలుమూలల నుంచి ఫైరింజన్లను రప్పించి వీధుల్లో, ఇళ్ళలో బురద కడిగించారు. ఊరికొక శాఖ ఉండుంటే ఆ పని అంత వేగంగా జరిగేది కాదు.

కాబట్టి నూజివీడు మెట్టలో రెట్టింపు ఖర్చు తగ్గించడానికి కలపాల్సిన స్టేషన్లు లేవు. ఉన్నదాన్ని ఇంకా కుదిస్తే దూరం పెరుగుతుంది తప్ప డబ్బు మిగలదు. పొదుపు పేరుతో ఎప్పుడైనా ఎక్కడైనా ఫైర్ స్టేషన్ల లెక్క తీస్తే, ఆ లెక్కలో ఒక వరస అదనంగా ఉండాలి: బండి రాకముందు కాలిపోయినదాని విలువ. ఆ నష్టం ఏ బడ్జెట్టు పుస్తకంలోనూ ఎక్కదు. రైతు అప్పులోనో, కౌలుదారు వలసలోనో తేలుతుంది. అదీ ప్రజల డబ్బే.

మూడు జిల్లాల మూల

ఈ ప్రాంతానికి ఇంకో చిక్కు 2022 ఏప్రిల్ 4న వచ్చింది. అంతకుముందు మామిడి మండలాలన్నీ కృష్ణా జిల్లాలో ఉండేవి. కొత్త జిల్లాలు వచ్చిన ఆ రోజున నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి ఏలూరు జిల్లాలోకి వెళ్ళాయి. రెడ్డిగూడెం, విస్సన్నపేట, మైలవరం, ఎ.కొండూరు ఎన్టీఆర్ జిల్లాలో చేరాయి. హనుమాన్ జంక్షన్ ఉన్న బాపులపాడు మండలం కృష్ణాలోనే ఉండిపోయింది. తోటల వరస ఎక్కడా తెగలేదు. దాని మీద మూడు జిల్లాల గీతలు పడ్డాయి.

అగ్నిమాపక శాఖలో జిల్లాకొక అధికారి ఉంటారు. స్టేషన్లు ఆయన కింద నడుస్తాయి. పక్క జిల్లా ఇంజను రాకూడదన్న నియమం లేదు, పిలిస్తే వస్తుంది. కానీ ఎవరిని ముందు పిలవాలి, ఏ స్టేషన్ దగ్గర, ఏ దారి బాగుంది అన్నవి నిమిషాల్లో తేలాల్సిన సంగతులు. వాటిని ముందే కాగితం మీద తేల్చుకోకపోతే నిప్పు పుట్టాక తేల్చుకోవాల్సి వస్తుంది. ఇల్లు కాలుతుంటే నుయ్యి తవ్వడమంటే అదే. చాట్రాయి అవతలి ఊళ్ళకైతే జిల్లా సరిహద్దుతో పాటు రాష్ట్ర సరిహద్దూ ఉంది. ఖమ్మం జిల్లా వైపు నుంచి బండి వస్తే ముందు చేరుతుందా అన్నది కూడా రెండు రాష్ట్రాల అధికారులు కూర్చుని రాసుకోవాల్సిన విషయం.

కొత్త జిల్లా పుట్టిన తొమ్మిది రోజులకే దానికి కఠిన పరీక్ష ఎదురైంది. 2022 ఏప్రిల్ 13 రాత్రి ముసునూరు మండలం అక్కిరెడ్డిగూడెంలోని పోరస్ లేబొరేటరీస్ రసాయన కర్మాగారంలో పేలుడు జరిగి మంటలు లేచాయి. ఆరుగురు ప్రాణాలు పోయాయి. పన్నెండు మందికి పైగా కాలిన గాయాలయ్యాయి. చనిపోయినవాళ్ళలో పొట్ట చేతపట్టుకుని బీహార్ నుంచి వచ్చిన కూలీలు కూడా ఉన్నారు. గాయపడినవాళ్ళను నూజివీడుకు, అక్కడినుంచి విజయవాడకు తరలించారు. చనిపోయినవారి కుటుంబాలకు ప్రభుత్వం పాతిక లక్షల చొప్పున పరిహారం ప్రకటించింది. ఫ్యాక్టరీ మూసెయ్యాలని ఊరు ఊరంతా కదిలింది. తెల్లవారితే ఏప్రిల్ 14. 1944లో బొంబాయి రేవులో ఓడ పేలినప్పుడు మంటలార్పుతూ ప్రాణాలిచ్చిన సిబ్బందిని తలుచుకుంటూ దేశమంతా అగ్నిమాపక దినం జరుపుకునే రోజు అది. ఆ వారమంతా ఫైర్ స్టేషన్లలో అవగాహన సభలుంటాయి. మా మెట్టకు ఆ ఏడు అవగాహన శవాల రూపంలో వచ్చింది.

రసాయన కర్మాగారం మంటకూ తాటాకు ఇంటి మంటకూ తేడా ఉంది. ఒకదానికి నీళ్ళు చాలు, ఇంకోదానికి నురగ కావాలి, ఊపిరికి గాలి సిలిండరు కావాలి, లోపల ఏ రసాయనం ఎక్కడుందో చెప్పే పటం కావాలి. పల్లెల మధ్యకు పరిశ్రమ వచ్చిందంటే అగ్నిమాపక బలం కూడా దాని వెంటే రావాలి. పరిశ్రమకు అనుమతిచ్చేటప్పుడే ఆ స్టేషన్ పరిధిలో ఏమేం అదనంగా కావాలో రాసి, అవి సమకూరాకే గేటు తెరవాలి. అక్కిరెడ్డిగూడెం చెప్పిన పాఠం ఇది. దాన్ని ఒక వారం వార్తగా వదిలేయకూడదు.

చెట్టుకు 225 రూపాయలు

తోట కాలితే ఏమొస్తుంది? అగ్నిప్రమాదం ప్రభుత్వం గుర్తించిన విపత్తుల్లో ఒకటి కాబట్టి విపత్తు సహాయ నిధి నుంచి సాయం ఇవ్వొచ్చు. 2022-26 కాలానికి కేంద్రం ఖరారు చేసిన ప్రమాణాల్లో గుడిసె కాలితే 8,000 రూపాయలు. పాడి పశువు చనిపోతే 37,500. మామిడిలాంటి బహువార్షిక తోటలకు మూడో వంతుకు మించి నష్టం జరిగితే హెక్టారుకు 22,500, అదీ రెండు హెక్టార్ల దాకానే.

పాత పద్ధతిలో పది మీటర్ల ఎడంతో నాటిన తోటలో హెక్టారుకు వంద చెట్లుంటాయి. అంటే చెట్టుకు 225 రూపాయలు. అంటు నాటాక నాలుగైదేళ్ళకు కాపు మొదలవుతుంది. నిండు కాపుకు పదేళ్ళు దాటాలి. తాత నాటిన చెట్టు మీద మనవడు రసాలు కోసుకునే ఊళ్ళివి. అలాంటి చెట్టు మోడైతే దానికి ఖాతాలో పడేది పండ్ల దుకాణంలో రెండు మూడు కిలోల మంచి పండ్ల ఖరీదు.

ఆ 225 కూడా ఎవరికి చేరుతుందన్నది మరో ప్రశ్న. ఇక్కడ చాలా తోటల్లో రైతు కాపు మీద పంట అమ్మేస్తాడు. పూత చూసి బేరం కుదురుతుంది, కొన్నవాడు ముందు కొంత డబ్బిస్తాడు. ఆపైన మందులు కొట్టించేది, కాపలా పెట్టేది, కోత కోయించి నున్న మార్కెట్‌కు లోడెత్తేది కొన్నవాడే. ఏప్రిల్‌లో తోట కాలితే చెట్టు పోయిన రైతు ఒకడు, కాయ పోయిన గుత్తదారు ఇంకొకడు. పంచనామా రాసేటప్పుడు చూసేది పట్టాదారు పాసుపుస్తకం. నోటిమాట బేరానికి కాగితం ఉండదు. వడ్డీకి తెచ్చి పూత కొన్నవాడు ఏ జాబితాలోనూ కనబడడు. కాపలా పాకలో కాపురముంటున్న కూలి కుటుంబం సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ పాకకు ఇంటి నంబరు ఉండదు, గుడిసె కింద వచ్చే 8,000కైనా ఆధారం చూపలేరు.

అందుకే ఈ ప్రాంతంలో మంటను ముందే ఆపడం పరిహారం కోసం ఎదురుచూడడం కంటే ఎంతో మేలు. తోట చుట్టూ పది అడుగుల మేర గొర్రు తోలి మట్టి పైకి తేలేలా చేస్తే నేలబారు మంట అక్కడ ఆగుతుంది. ఫిబ్రవరిలో ఒక దున్నకం, కరెంటు తీగల కింద కొమ్మల నరుకుడు, చెట్ల కింద ఆకును గుంటలో వేసి ఎరువుగా మార్చడం, ఇవన్నీ పెద్దవాళ్ళు చేసినవే. కూలి ఖర్చు పెరిగి, తోటలు కాపు మీద చేతులు మారడం ఎక్కువయ్యాక, ఇది నా పని అనుకునేవాడు లేకుండా పోయాడు. రైతు గుత్తదారు చేయించాలంటాడు, గుత్తదారు మూడు నెలల ముచ్చటకు నేనెందుకు దున్నించాలంటాడు. నడుమ గడ్డి ఎండుతూనే ఉంటుంది.

ఊళ్ళోనే ఉంది, విడివిడిగా ఉంది

కలపాల్సినవి లేవా అంటే ఉన్నాయి. ఫైర్ స్టేషన్లు మాత్రం వాటిలో లేవు. మంటను ఆర్పగల సరంజామా ప్రతి మామిడి ఊళ్ళోనూ ఉంది. ఎవరిది వాళ్ళ దగ్గర, ఒకరికొకరు తెలియకుండా ఉంది.

మొదటిది మందు కొట్టే ట్రాక్టరు. తేనెమంచు పురుగుకు మందు కొట్టాలంటే ఎత్తయిన చెట్ల చిటారుకొమ్మల దాకా పిచికారీ అందాలి. అందుకని ట్రాక్టరు వెనక ట్యాంకు, దానికి పవర్ స్ప్రేయరు, పొడుగాటి పైపు, చివర గన్ను ఉంటాయి. ఫైరింజను ఇరుక్కుపోయే డొంకలో ఈ బండి దూరిపోతుంది. గడ్డి మంట మొదట్లోనే ఉంటే ఒక్క ట్యాంకు నీళ్ళతో అణిచెయ్యగలదు. మందు కలిపిన ట్యాంకును కడిగి, మంచినీళ్ళు నింపి సిద్ధంగా పెట్టుకోవడమే కావాల్సింది. కొన్ని ఊళ్ళలో కుర్రాళ్ళు ఈ పని తమంతట తాము చేస్తూనే ఉన్నారు. ఏ బండి ఎవరి దగ్గరుందో, రాత్రిపూట ఎవరు తోలగలరో రాసిపెట్టుకుంటే అదే ఊరి తొలి ఇంజను.

రెండోది పంచాయతీ నీళ్ళ ట్యాంకరు, నూజివీడు పురపాలక సంఘం ట్యాంకర్లు. ఫైరింజను తెచ్చిన 4,500 లీటర్లు నిమిషాల్లో అయిపోతాయి. మళ్ళీ నింపుకోవడానికి నీళ్ళు దగ్గర్లో లేకపోతే ఆ బండి అక్కడ నిలబడి చూడాల్సిందే. ఇది మెట్ట. సాగర్ ఎడమ కాలువకు ఇది చివరి భూమి, కాలువ నీళ్ళు ఆశించినన్ని అందిన ఏళ్ళు తక్కువ. ఏప్రిల్‌కు చెరువులు అడుగంటుతాయి. ఉన్నదల్లా బోర్లు. నిప్పు పుట్టగానే ప్రాణరక్షణ కోసం మొదట చేసేది ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఏబీ స్విచ్ దించడం. స్విచ్ దించగానే బోరు మోటార్లూ ఆగిపోతాయి. మంట ఆర్పడానికి నీళ్ళు కావాల్సిన వేళకే నీళ్ళు తోడే దారి మూసుకుపోతుంది.

దీనికి విరుగుడు ఊరి నడిబొడ్డున నిలబడే ఉంది: తాగునీటి ఓవర్‌హెడ్ ట్యాంకు. అందులో నీళ్ళు దిగడానికి కరెంటు అక్కర్లేదు. దాని అడుగున ఫైరింజను పైపు తగిలేలా 63 మిల్లీమీటర్ల కప్లింగుతో ఒక వాల్వు బిగిస్తే, కరెంటు ఉన్నా లేకున్నా బండి నింపుకోవచ్చు. తోటల మధ్య డ్రిప్పు కోసం తవ్వుకున్న నీటి కుంటలు కూడా ఇలాగే పనికొస్తాయి. వాటి దాకా బండి వెళ్ళే దారి ఉండాలి.

మూడోది నంబర్లు. మంటకు 101, కరెంటు తీయించడానికి 1912, గాయపడితే 108. అన్నిటికీ కలిపి 112 ఒక్కటే చాలని చెబుతారు. కానీ గాభరాలో ఉన్న మనిషికి అలవాటైన నంబరే చేతికొస్తుంది. ఏ నంబరుకు కొట్టినా మిగతా శాఖలకు ఆ కబురు ఒకే క్షణంలో చేరితే ఊరివాళ్ళ మీద భారం తగ్గుతుంది. నిజంగా వృథా అవుతున్నది ఇక్కడే. ఒకే మంట గురించి ఒకే మనిషి మూడు చోట్లకు చెప్పుకోవాల్సి వస్తోంది.

నాలుగోది మనుషులు. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు మొదలయ్యాయి. అందులో కరెంటు సంగతి తెలిసిన ఎనర్జీ అసిస్టెంటు ఉంటారు, తోటల సంగతి తెలిసిన ఉద్యాన సహాయకులు ఉంటారు, ఇంజినీరింగు సహాయకులు ఉంటారు, మహిళా పోలీసు ఉంటారు. వీళ్ళంతా ఒకే ఊరికి పనిచేసేవాళ్ళు. ఏబీ స్విచ్ ఎక్కడుందో ఒకరికి తెలుసు, ట్రాక్టర్లు ఎవరికున్నాయో ఒకరికి తెలుసు, ఏ డొంక ఎంత వెడల్పో ఇంకొకరికి తెలుసు. ఆ మూడూ ఒక కాగితం మీద పడితే అదే ఊరి అగ్నిరక్షణ పథకం.

ఇలా ఊరివాళ్ళే తొలి దళంగా ఉండడం వింతేం కాదు. ధనిక దేశమైన జపాన్‌లో వృత్తి సిబ్బందికి తోడు ఏడు లక్షలకు పైగా స్థానికులు స్వచ్ఛంద దళాల్లో ఉన్నారు. రైతులు, దుకాణదారులు, ఉద్యోగులు. వాళ్ళకు శిక్షణ, బట్టలు, చిన్న పంపు ఇస్తుంది ప్రభుత్వం. మన దేశంలో విపత్తుల్లో సాయపడడానికి 350 జిల్లాల్లో లక్షమందికి శిక్షణ ఇచ్చిన ఆపద మిత్ర పథకం ఉంది. వరదలు, తుపాన్ల మీద ఉన్నంత దృష్టి వేసవి మంటల మీద పెట్టడానికి అడ్డేమీ లేదు. ఊరి కుర్రాళ్ళ ధైర్యాన్ని వాడుకుంటూ వాళ్ళను చెప్పుల్లేని కాళ్ళతో, నైలాను చొక్కాలతో మంటలోకి పంపడం మాత్రం తప్పు. గాలికి ఎదురెళ్ళకూడదని, కరెంటు పోయిందని తేలేదాకా నీళ్ళు కొట్టకూడదని, వెనక్కి దారి చూసుకోకుండా ముందుకెళ్ళకూడదని నేర్పాలి. ఏటా ఏప్రిల్ 14 నుంచి వారం రోజులు జరిపే సభలను ఫిబ్రవరికి, పట్టణం కూడలి నుంచి తోటల ఊళ్ళకు తీసుకొస్తే ఆ నేర్పు సరైన వేళకు అందుతుంది.

ప్రభుత్వం చేయాల్సింది, ఊరు చేయాల్సింది

ఊరు తన వంతు చేసినంత మాత్రాన ప్రభుత్వం వంతు తీరిపోదు. ట్రాక్టరు స్ప్రేయరు గడ్డి మంటను ఆపగలదు, కర్మాగారాన్ని కాపాడలేదు. వేల మంది పిల్లలు చదువుకుంటూ హాస్టళ్ళలో ఉండే ట్రిపుల్ ఐటీ ఉన్న పట్టణం నూజివీడు. 2011 లెక్కల్లోనే 58 వేలు దాటిన జనాభా. పట్టణంలో మంట లేచిన రోజున చాట్రాయిలో కూడా లేస్తే బండి ఎటు పోవాలి? ఈ ప్రశ్నకు జవాబుగా ఉత్తరాన చాట్రాయి వైపు ఒక ఫైర్ అవుట్‌పోస్టు ఉండాలి. ఏడాది పొడుగునా పెట్టలేమంటే కనీసం మార్చి నుంచి జూన్ దాకా ఒక చిన్న బండినీ, నలుగురు సిబ్బందినీ అక్కడ ఉంచాలి. డొంకల్లో దూరే చిన్న బండ్లు మామిడి ప్రాంతానికి పెద్ద ఇంజన్లకన్నా ముందు కావాలి.

డబ్బు లేదన్న మాట పూర్తిగా నిజం కాదు. పదిహేనో ఆర్థిక సంఘం సిఫారసుతో 2021-26 కాలానికి రాష్ట్రాల అగ్నిమాపక సేవల విస్తరణకు, ఆధునికీకరణకు కేంద్రం 5,000 కోట్లు కేటాయించింది. మనలాంటి రాష్ట్రాలు పాతిక శాతం వాటా పెట్టుకోవాలి. విస్తరణ అన్న మాట ఆ పథకం పేరులోనే ఉంది. ఇలాంటి నిధి వచ్చిన ప్రతిసారీ నగరాల ఎత్తయిన మేడలకు నిచ్చెనబండ్లు కొనడంతో పాటు, ఇరవై నిమిషాల గీత అవతల ఎన్ని ఊళ్ళున్నాయో లెక్కగట్టి ఆ ఊళ్ళకు మొదటి వాటా ఇవ్వాలి. ఆ లెక్క స్టేషన్ వారీగా గోడ మీద రాసి పెట్టాలి. మన పన్నుతో నడిచే సేవ మనకెంత దూరంలో ఉందో తెలుసుకునే హక్కు మనకుంది.

మూడు జిల్లాల అధికారులు వేసవికి ముందు ఒక్కరోజు నూజివీడులో కూర్చుని, మామిడి మండలాల్లో ఏ ఊరికి ముందు ఏ బండి, దాని వెనక ఏ బండి అని పట్టిక రాసుకోవాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త పద్దు అక్కర్లేదు. ఒకే శాఖ వాళ్ళు ఒక బల్ల చుట్టూ చేరితే అయ్యే పని.

ఇక ఊరి వంతు. జనవరి 26న గ్రామసభ జరుగుతుంది. అప్పటికి పూత మొదలవుతుంది, గడ్డిలో ఇంకా పచ్చి ఉంటుంది, అంటే చెయ్యడానికి సమయం ఉంటుంది. ఆ రోజు అజెండాలో ఒక అంశం ఎక్కించండి. ట్రాక్టరు స్ప్రేయర్ల జాబితా, రాత్రి తోలేవాళ్ళ ఫోన్ నంబర్లు, ఓవర్‌హెడ్ ట్యాంకుకు వాల్వు, తోట చుట్టూ గొర్రు తోలించే బాధ్యత రైతుదా గుత్తదారుదా అన్న తీర్మానం, ఫిబ్రవరిలో ఫైర్ స్టేషన్ వాళ్ళను ఊరికి పిలిచే తేదీ. ఇవన్నీ ఒక పేజీలో పడతాయి. ఆ పేజీ మీద సర్పంచి సంతకం పెట్టించి ఒక ప్రతి నూజివీడు ఫైర్ స్టేషన్‌కు, ఒకటి తహసీల్దారుకు, ఒకటి కరెంటు ఆఫీసుకు ఇవ్వండి. అవుట్‌పోస్టు కావాలన్న అర్జీని దానికే జతచేయండి. తన వంతు పని చేసి చూపించిన ఊరు అడిగే అర్జీని పక్కన పెట్టడం ఏ అధికారికైనా కష్టం.